పిల్లి ఇన్సులిన్: కొలిచేది ఎవరు, మార్చేది ఎవరు

పిల్లికి షుగర్ ఉందని తేలిన మర్నాటి నుంచి వైద్యం ఆసుపత్రి వదిలి ఇంటికి వచ్చేస్తుంది. పన్నెండు గంటలకోసారి సూది వెయ్యాల్సింది ఇంట్లోవాళ్లే. ఎన్ని యూనిట్లు వెయ్యాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అన్న ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిన రచనలు రెండున్నాయి. మొదటిది 2009లో ‘జర్నల్ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ అండ్ సర్జరీ’లో కిర్‌స్టెన్ రూంప్, జాక్వీ ర్యాండ్ ప్రచురించిన అధ్యయనం. ఇంట్లోనే రక్తం పరీక్షించుకుంటూ, గ్లార్జిన్ ఇన్సులిన్‌తో పిల్లి షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టే పద్ధతి అందులో ఉంది. రెండోది 2018లో అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ విడుదల చేసిన మధుమేహ మార్గదర్శకాలు. ఎలెన్ బెహ్రెండ్ నాయకత్వంలో పశువైద్య నిపుణులు వీటిని కుక్కలకూ పిల్లులకూ కలిపి రాశారు. 2022లో కొన్ని సవరణలు జరిగాయి. ఇక్కడ నేను మాట్లాడేది 2018 నాటి మూలపాఠం గురించి.

ఈ రెండింటినీ పోల్చేవాళ్లు మామూలుగా అంకెల దగ్గర ఆగిపోతారు. 2009 పద్ధతి పిల్లి రక్తంలో గ్లూకోజు 50 నుంచి 100 మధ్య ఉండాలంటుంది. 2018 మార్గదర్శకాలు రోజు మొత్తంలో షుగర్ బాగా తగ్గే సమయంలో కూడా 80 నుంచి 150 మధ్య ఉంటే చాలంటాయి. కాబట్టి మొదటిది సాహసం, రెండోది జాగ్రత్త అని తీర్పు చెప్పేస్తారు. ఈ తీర్పు తప్పని నా అభిప్రాయం. రెండు రచనల మధ్య అసలు తేడా అంకెల్లో లేదు. పిల్లిని ఎన్నిసార్లు పరీక్షిస్తారు, ఆ పరీక్షను బట్టి నిర్ణయం ఎవరు తీసుకుంటారు అన్న చోట ఉంది.

ముందు జబ్బు సంగతి కొంచెం తెలియాలి. పిల్లులకు వచ్చే షుగర్ చాలావరకు మనుషుల్లో రెండో రకం మధుమేహం లాంటిది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల చుట్టూ అమైలాయిడ్ అనే పదార్థం పేరుకుంటుంది. మనిషిలోనూ పిల్లిలోనూ అమిలిన్ అనే హార్మోను ఇలా పేరుకునే గుణంతో ఉంటుంది. ఒళ్లు పెరిగిన పిల్లులకు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగ పిల్లులకు ముప్పు ఎక్కువ. స్టెరాయిడ్ మందులు వాడినా రావచ్చు. రక్తంలో గ్లూకోజు ఎక్కువ కాలం పెరిగి ఉంటే, ఆ గ్లూకోజే మిగిలిన బీటా కణాలను దెబ్బతీస్తుంది. త్వరగా దించగలిగితే కొన్ని కణాలు కోలుకుంటాయి. అందుకే కొన్ని పిల్లులకు కొంతకాలం తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకుండా పోతుంది. దీన్ని వైద్యులు రెమిషన్ అంటారు. కుక్కల్లో ఇది అరుదు, వాటికి బతికినంత కాలం ఇన్సులిన్ కావాలి. ఈ ఒక్క తేడా 2018 పాఠం మీద చాలా ప్రభావం చూపిందని నాకనిపిస్తుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

2009 అధ్యయనంలో 55 పిల్లులున్నాయి. 64 శాతం రెమిషన్‌కు చేరాయి. జబ్బు తేలిన ఆరు నెలల లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో 84 శాతం, ఆ తర్వాత మొదలుపెట్టినవాటిలో 35 శాతం. లక్షణాలు కనిపించేంతగా షుగర్ పడిపోయిన సంఘటన మొత్తంలో ఒక్కటే, అదీ తీవ్రమైనది కాదు. అదే సంవత్సరం ర్యాండ్ బృందం మరో చిన్న పరిశోధన ప్రచురించింది. కొత్తగా షుగర్ తేలిన 24 పిల్లులను మూడు గుంపులు చేసి మూడు రకాల ఇన్సులిన్ ఇచ్చారు. గ్లార్జిన్ తీసుకున్న ఎనిమిదింటికి ఎనిమిదీ రెమిషన్‌కు చేరగా, పీజడ్‌ఐ గుంపులో మూడు, లెంటే గుంపులో రెండు మాత్రమే చేరాయి.

ఈ అంకెలు చదివి మనసు ఉప్పొంగడం సహజం. కానీ విమర్శకుడి పని అక్కడే మొదలవుతుంది. 55 పిల్లుల అధ్యయనంలో పోల్చడానికి వేరే గుంపు లేదు. ఆ పిల్లుల యజమానులు రోజుకు పలుమార్లు పిల్లి చెవి అంచున సూదితో గుచ్చి రక్తపు చుక్క తీసి, ప్రతి అంకెనూ రాసి పెట్టిన మనుషులు. అంత ఓపిక ఉన్నవాళ్లు తిండి విషయంలోనూ సూది వేళల విషయంలోనూ అంతే శ్రద్ధ చూపిస్తారు. రెమిషన్‌లో ఎంత వాటా పద్ధతిది, ఎంత వాటా ఆ శ్రద్ధది అని విడదీయడం ఆ అధ్యయనం వల్ల కాదు. 2014లో గోస్టెలో, నీసెన్ మొదలైనవాళ్లు పిల్లుల రెమిషన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, ఒక పద్ధతి కంటే మరొకటి మేలని గట్టిగా చెప్పగల ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని తేల్చారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. అయినా ఆరు నెలల లోపు, ఆ తర్వాత అన్న తేడాను తోసిపుచ్చలేను. బీటా కణాల గురించి మనకు తెలిసిన దానితో అది సరిగ్గా సరిపోతుంది.

ఇక 2018 మార్గదర్శకాలు. భాష స్పష్టంగా ఉంటుంది, ఆచరణకు పనికొస్తాయి, ఏ ఊళ్లో ఉన్న పశువైద్యుడైనా చేతిలో పెట్టుకుని పిల్లిని చూడగలిగేలా ఉంటాయి. చిన్న డోసుతో మొదలుపెట్టమంటాయి, సాధారణంగా పిల్లికి పూటకు ఒకటి, రెండు యూనిట్లు. ఒకటి రెండు వారాలకోసారి షుగర్ నడకను చూసి డోసు సరిచేయమంటాయి. అతిగా నీళ్లు తాగడం, మూత్రం ఎక్కువ పోవడం, తింటున్నా చిక్కిపోవడం లాంటి లక్షణాలు తగ్గి, షుగర్ మరీ పడిపోకుండా ఉంటే అదుపులో ఉన్నట్టే లెక్క. పిల్లి షుగర్ ఎక్కువసేపు 300 లోపు ఉంటే సరిపోతుందంటాయి. దానికి కారణం ఉంది. పిల్లి మూత్రపిండాలు రక్తంలో గ్లూకోజు సుమారు 250 నుంచి 300 దాకా చేరితే గానీ దాన్ని మూత్రంలోకి వదలవు. ఆ గీత లోపల ఉన్న పిల్లి నీళ్ల గిన్నె దగ్గరే కూర్చోదు, ఇసుక తొట్టి తడిసి ముద్ద కాదు, ఇల్లు కుదుటపడుతుంది.

ఇల్లు కుదుటపడటం చిన్న సంగతేమీ కాదు. నీసెన్ బృందం 2010లో షుగర్ ఉన్న పిల్లుల యజమానులు 221 మందిని అడిగితే, ఊరు వెళ్లాల్సి వస్తే పిల్లిని ఎవరికి అప్పగించాలన్నది వాళ్లను బాగా కుంగదీసే సమస్యల్లో ఒకటిగా తేలింది. అదే పరిశోధకుడు 2017లో పశువైద్యుల అనుభవాలను సేకరించి, షుగర్ అని తేలిన రోజే పదింటిలో ఒక జంతువుకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇస్తున్నారని ప్రచురించాడు. భయం, ఖర్చు, చేతకాదేమో అన్న దిగులు కలిసి పిల్లి ప్రాణం మీదకు తెస్తాయి. 2018 పాఠం ఆ దిగులును తగ్గిస్తుంది. అది దాని గొప్ప గుణం.

దాని లోపం కూడా ఆ గుణం పక్కనే ఉంది. కుక్కకూ పిల్లికీ కలిపి రాసినందువల్ల, బతికినంత కాలం లక్షణాలను అదుపులో పెట్టుకుంటూ పోవడమే లక్ష్యమన్న కుక్కల వైద్యపు ధోరణి పిల్లుల భాగంలోకీ వచ్చేసింది. రెమిషన్ మాట ఎత్తలేదని కాదు, ఎత్తారు. కానీ అది దొరికితే దొరికే అదృష్టంలా ఉంటుంది తప్ప, మొదటి నెలల్లో దానికోసమే ప్రయత్నించాలన్న తొందర ఆ పాఠంలో కనిపించదు. లక్షణాలు పోయి 250 దగ్గర నిలకడగా ఉన్న పిల్లి 2018 లెక్కలో బాగున్నట్టు. 2009 లెక్కలో మాత్రం అది రోజురోజుకూ బీటా కణాలు పోగొట్టుకుంటున్న పిల్లి. ఈ ఒక్క విషయంలో నేను నిస్సంకోచంగా 2009 పక్షం.

ఇప్పుడు అంకెల విషయం. 50కీ 80కీ మధ్య ఉన్న దూరం చూడటానికి ఎంతో, నిజంగా అంత కాదు. కారణం గ్లూకోమీటరు. మనిషి రక్తంలో గ్లూకోజు సుమారు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. పిల్లి రక్తంలో 93 శాతం ప్లాస్మాలోనే ఉంటుంది, కణాల్లో ఉండేది ఏడు శాతమే. మనుషుల కోసం తయారైన మీటరు మనిషి రక్తపు లెక్కతోనే అంకె చూపిస్తుంది కాబట్టి, పిల్లి రక్తం పెడితే అసలు కంటే తక్కువ చూపించడం మామూలు. 2009 నాటి 50 మనుషుల మీటరు మీది 50. 2018 మార్గదర్శకాలు సిఫారసు చేసేది ఆల్ఫాట్రాక్ లాంటి జంతువుల మీటరును, అది పిల్లి రక్తానికి సరిచేసి చూపిస్తుంది. తర్వాతి రోజుల్లో ర్యాండ్ కూడా జంతువుల మీటరు వాడేవాళ్లు తన లక్ష్యానికి సుమారు 18 కలుపుకోవాలని చెప్పింది. అలా కలిపి చూస్తే కింది గీతల మధ్య మిగిలే తేడా కొద్దిపాటిదే. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చే రచనలు చాలావాటిలో మీటరు ప్రస్తావన ఉండదు. ఇది చిన్న పొరపాటు కాదు. జంతువుల మీటరు కొనుక్కుని 2009 అంకెలను యథాతథంగా పాటించేవాళ్లు పిల్లిని రచయితలు అనుకున్న దానికంటే కిందికి దించుతారు.

మన ఊళ్లలో ఈ సంగతి మరీ ముఖ్యం. షుగర్ ఉన్న ఇళ్లు చాలా కాబట్టి గ్లూకోమీటరు ఉన్న ఇళ్లూ చాలానే. తాతగారి మీటరుతోనే పిల్లికీ చూసేస్తారు. చూడొచ్చు, అందులో తప్పేమీ లేదు. అది ఏ మీటరో డాక్టరుకు చెప్పాలి, ఎప్పుడూ అదే మీటరు వాడాలి, ఒకరోజు ఒకటి మరోరోజు మరొకటి పట్టుకోకూడదు.

సిరంజి విషయానికి వస్తే 2009 పద్ధతి మన చేతుల్లో ఎక్కడ బెసుకుతుందో తెలుస్తుంది. ఆ పద్ధతి పావు యూనిట్, అర యూనిట్ చొప్పున డోసు మార్చమంటుంది. అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల చిన్న సిరంజితో అది సాధ్యమే, పావు యూనిట్‌ను రెండు గీతల మధ్య కంటితో పట్టుకోవాలి. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతోనూ దొరుకుతాయి, 100 యూనిట్ల బలంతోనూ దొరుకుతాయి. 40 బలానికి ఎర్ర మూత సిరంజి, 100 బలానికి నారింజ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజిలో గీతకో యూనిట్ చొప్పున ఉంటుంది, దానితో పావు యూనిట్ కొలిచానని ఎవరన్నా నేను నమ్మను. మూతలు తారుమారైతే ముప్పు ఇంకా పెద్దది. 100 బలం ఉన్న గ్లార్జిన్‌ను ఎర్ర మూత సిరంజితో ఒక గీత తీస్తే పిల్లికి పడేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. నాలుగు కిలోల ప్రాణికి అది ప్రాణాంతకం కావచ్చు. గ్లార్జిన్‌ను నీళ్లతోనో సెలైన్‌తోనో పలచన చేసి కొలత సులువు చేసుకోవడం కూడా కుదరదు. ఆమ్లగుణం ఉన్న ద్రవంలో కరిగి ఉండి, చర్మం కిందికి చేరాక చిన్న స్ఫటికాలుగా గడ్డకట్టి నెమ్మదిగా విడుదల కావడమే దాని పనితనం. పలచన చేస్తే ఆ పని చెడుతుంది.

గ్లార్జిన్ ఇలా నిలవ ఉండి పని చేస్తుంది కాబట్టి, ఈరోజు వేసిన డోసు ప్రభావం రేపటి అంకెలోనూ కనిపిస్తుంది. అంకె ఎక్కువగా ఉందని ఈ పూట పెంచి, తగ్గిందని ఆ పూట తగ్గించేవాళ్లు పిల్లి షుగర్‌ను ఊగిసలాటలో పెడతారు. ఇక్కడ రెండు పాఠాలూ ఒకటే మాట చెబుతాయి, పెంచే ముందు ఆగండి. తగ్గించే విషయంలో మాత్రం 2009 పాఠం మరింత చురుకైనది. 50 కంటే కిందికి వెళ్తే ఆలస్యం లేకుండా డోసు తగ్గించమంటుంది. ధైర్యం ఎక్కువన్న పేరున్న పద్ధతిలోనే వెనక్కి తగ్గే నియమం అంత స్పష్టంగా ఉండటం నాకు నచ్చిన విషయం.

ఆ నియమం పనిచేయాలంటే 50 కంటే కిందికి వెళ్లిందని ఎవరో చూడాలి. రోజుకు కనీసం మూడుసార్లు పరీక్షించేవాళ్లు చూస్తారు. వారానికోసారి చూసేవాళ్లకు తెలిసేలోపు పిల్లి తూలుతూ నడవడం, మూలకు చేరి స్పందన లేకుండా పడి ఉండటం, ఫిట్స్ రావడం జరిగిపోతాయి. రూంప్, ర్యాండ్ పిల్లుల్లోనూ, లక్షణాలు లేకపోయినా మీటరు మీద మాత్రం షుగర్ తగ్గిన సందర్భాలు ఉన్నాయి. వాటిని ప్రమాదం కాకుండా ఆపింది పదేపదే జరిగిన పరీక్షే. అంటే 2009 పద్ధతి సురక్షితం అన్న మాటకు అర్థం, పరీక్షించే ఇంట్లో సురక్షితం అని. దాని డోసు నియమాలను తీసుకుని పరీక్షలను వదిలేసే ఇంట్లో అంత ప్రమాదకరమైన పద్ధతి మరొకటి లేదు. ఈ షరతు ఆ రచనలో ఉంది కానీ ఉండాల్సినంత పెద్ద గొంతుతో లేదని నా ఫిర్యాదు.

2018 పాఠం మాట్లాడేది డాక్టరుతో. ఇంటి పరీక్షలను ప్రోత్సహిస్తుంది గానీ నిర్ణయం క్లినిక్‌లోనే. 2009 పాఠం ఆధారపడింది ఇంట్లోవాళ్ల మీద. క్లినిక్‌కు తీసుకెళ్లిన పిల్లి భయానికే షుగర్ పెరిగిపోతుంది, ఇంట్లో తీసిన అంకెకు ఉన్న విలువ బల్ల మీద తీసిన అంకెకు లేదు. కాబట్టి సమాచారం ఇంటి నుంచి రావాలి, నిర్ణయం డాక్టరుతో కలిసి తీసుకోవాలి. రెండు పాఠాల్లో ఏదీ ఈ రెంటినీ పూర్తిగా కలపలేదు. ఇప్పుడు మనుషులు చేతికి అంటించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే లాంటి సెన్సార్‌ను పిల్లులకూ వాడుతున్నారు, అది మన దగ్గరా దొరుకుతుంది. పద్నాలుగు రోజుల కోసం తయారైనా పిల్లి ఒంటి మీద నుంచి తరచు ముందే ఊడిపోతుంది. అయినా ఉన్నన్ని రోజులు చెవి గుచ్చే పని తగ్గించి, రాత్రి నిద్రలో ఏం జరుగుతోందో చూపిస్తుంది. 2009 పద్ధతి మీద ఉన్న ‘ఇంత పని ఎవరు చేస్తారు’ అన్న అభ్యంతరం దీనితో సగం పలచబడింది.

తిండి గురించి రెండు పాఠాలూ పిండిపదార్థాలు తక్కువగా ఉన్న తడి ఆహారం వైపే మొగ్గుతాయి. మన ఇళ్లలో పిల్లి గిన్నెలో పడేది పాలన్నం, పెరుగన్నం, లేదా పొడి గింజల ప్యాకెట్. అన్నం మానిపించి చేపకో, కోడిమాంసానికో, సరైన డబ్బా ఆహారానికో మార్చడం మంచిదే. కానీ తిండి మారిన వెంటనే ఇన్సులిన్ అవసరం పడిపోతుంది. పాత డోసు అలాగే కొనసాగిస్తే షుగర్ ప్రమాదకరంగా తగ్గుతుంది. తిండి మార్చే రోజును డాక్టరుకు ముందే చెప్పి మార్చాలి.

2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం బెక్సాక్యాట్ అనే మాత్రకు, 2023లో సెన్వెల్గో అనే ద్రవానికి అనుమతి ఇచ్చింది. రెండూ గ్లూకోజును మూత్రంలోకి పంపేసే మందులు. సూది అక్కర్లేదు. కానీ అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్న పిల్లులకు వాటిని ఇవ్వకూడదన్న హెచ్చరిక ఉంది, షుగర్ పెరగకుండానే కీటోన్లు పేరుకునే ప్రమాదమూ ఉంది. ఇప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లి విషయంలో మన పోలికను అవి మార్చవు.

నా తీర్పు ఇది. జబ్బు తేలి ఆరు నెలలు కాని పిల్లి, రోజుకు మూడుసార్లైనా రక్తం చూడగల మనిషి, ఫోనులో అందుబాటులో ఉండే పశువైద్యుడు ఉన్న ఇంట్లో 2009 పద్ధతే మేలు. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా 2018 మార్గదర్శకాలనే పట్టుకోవాలి, అందులో తక్కువతనమేమీ లేదు. 150కీ 250కీ మధ్య నిలకడగా ఉండి, తిని, ఆడుకునే పిల్లి మంచి జీవితమే గడుపుతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా కొన్ని పనులు ఈ రోజే చెయ్యండి. సీసా మీద 40 అని ఉందో 100 అని ఉందో చదివి, దానికి తగిన మూత రంగు సిరంజే ఇంట్లో ఉంచండి, రెండో రంగువి ఇంట్లో ఉంచకండి. పిల్లి తినకపోతే మామూలు డోసు వేసేయకుండా డాక్టరుకు ఫోను చెయ్యండి. తేనె గానీ గ్లూకోజు పొడి గానీ చేతికి అందే చోట పెట్టండి. పిల్లి తూలుతుంటే ఆ తీపిని దాని చిగుళ్లకు రాసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరు ఎప్పుడు ఎన్ని యూనిట్లు వేశారో ఒక నోట్ పుస్తకంలో రాయండి. ఒకరు వేశారో లేదో తెలియక ఇంకొకరు రెండోసారి వేసే పొరపాటును ఆపేది ఆ పుస్తకమే.